ముళ్ళ రోలర్ ముఖం మీద వాడొచ్చా? దవడ నొప్పికి, కణత నొప్పికి ఎలా వాడాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఆక్యుప్రెషర్ ముళ్ళ రోలర్ ఒకటి కొన్నారు. దవడ నొప్పి, కణతల దగ్గర తలనొప్పి తగ్గుతాయని, ముఖం మెరిసి ముడతలు కూడా పోతాయని విని రోజూ ముఖమంతా దొర్లిస్తున్నారు. నొప్పి కాసేపు తగ్గినట్టే ఉంటోంది గానీ చెంపలు గంటల తరబడి ఎర్రగా మండుతున్నాయి. ఇంకా గట్టిగా నొక్కితే పూర్తిగా తగ్గుతుందా, లేక ఆపేయాలా? 68 ఏళ్ళ మీ అమ్మగారికి ఈమధ్యే కణత నొప్పి మొదలైంది, ఆవిడ కూడా అదే రోలర్ వాడుతున్నారు, ఫర్వాలేదా?

నేను ఫిజియోథెరపిస్టుని. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో దవడ నొప్పి, మెడ నొప్పి, వాటివల్ల వచ్చే తలనొప్పులే ఎక్కువ. ముళ్ళ బంతులూ రోలర్లూ రోజూ నా చేతిలో ఉండేవే. అందుకని సూటిగా చెప్పేస్తాను.

నొప్పికి వాడొచ్చు, ముడతలకి వద్దు. ముఖమంతా దొర్లించకండి, కండరం ఉన్న చోట ఆనించి నొక్కండి, అంతే. "ఇంకా గట్టిగా" అన్న ఆలోచనే వద్దు. గంటల తరబడి మంట ఉంటోందంటే ఇప్పటికే మోతాదు మించిపోయిందని. చర్మం మామూలు రంగుకి వచ్చి, నీళ్ళు తగిలినా చురుక్కుమనకుండా ఉండేదాకా రోలర్ పక్కన పెట్టేయండి. అమ్మగారి చేత మాత్రం ఈరోజే మాన్పించండి. ఆ సంగతి ముందు చెబుతాను, మిగతాది ఆగినా ఫర్వాలేదు.

50 ఏళ్ళు దాటాక కొత్తగా మొదలైన కణత నొప్పిని మామూలు తలనొప్పి అనుకుని వదిలేయకూడదు. కణత దగ్గర చర్మానికి కాస్త కిందే ఒక రక్తనాళం పోతుంది, వేలు మెల్లగా ఆనిస్తే కొట్టుకోవడం తెలుస్తుంది. పెద్ద వయసులో కొందరికి ఆ నాళం గోడ వాచిపోయే జబ్బు వస్తుంది, దాన్ని జెయింట్ సెల్ ఆర్టరైటిస్ అంటారు. దాని లక్షణాలు విడివిడిగా చూస్తే చిన్న ఇబ్బందుల్లా కనిపిస్తాయి: దువ్వెన తగిలితే మాడు నొప్పెట్టడం, తినడం మొదలుపెట్టిన కాసేపటికి దవడ లాగేసి నమలడం ఆపగానే తగ్గడం, పొద్దున లేచేసరికి భుజాలు పట్టేసి ఉండటం, సన్నగా జ్వరం, బరువు తగ్గడం, ఒక కంటి చూపు కాసేపు మసకబారి మళ్ళీ రావడం. అమ్మగారిని ఇవన్నీ ఒక్కొక్కటిగా అడగండి. "ఏమైనా ఉందా అమ్మా" అంటే ఏం లేదంటారు, అందుకే విడిగా అడగమంటున్నాను. చూపు మసకబారిందంటే రేపటిదాకా కూడా ఆగకండి, ఆరోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, ఎందుకంటే ఈ జబ్బులో పోయిన చూపు చాలామందికి తిరిగి రాదు. ఇఎస్ఆర్, సిఆర్‌పి అని రెండు రక్తపరీక్షలు చేస్తారు, అనుమానం బలంగా ఉంటే పూర్తి నిర్ధారణ కోసం ఆగకుండానే స్టెరాయిడ్ మందులు మొదలుపెడతారు. పైన చెప్పినవేవీ లేకపోయినా సరే, నొప్పి కొత్తది కాబట్టి ఒకసారి డాక్టరుకి చూపించాకే మసాజ్ మాట.

ఒక పెద్దాయనని దవడ కీలు నొప్పి అని నా దగ్గరికి పంపించారు. నోరు తెరిపించి చూస్తే మూడు వేళ్ళు నిలువుగా సులువుగా పట్టాయి, కీలులో చప్పుడు లేదు, కండరం మెత్తగానే ఉంది. అంతా బాగానే ఉంటే నొప్పెందుకు అనుకుంటుండగా ఆయనే అన్నారు, తలగడ మీద ఆ పక్కకి పడుకోలేకపోతున్నానని, దువ్వుకోవడం మానేశానని. నేను చెయ్యి కూడా వేయకుండా ఆ పూటే డాక్టరు దగ్గరికి పంపించాను. వాచింది నాళమేనని తేలింది, చూపు దక్కింది. కణత నొప్పి అనగానే ఎవరైనా ముళ్ళ పరికరం చేతికిస్తే నాకు భయం వేసేది ఇందుకే.

ఇక మీ సంగతి.

ముళ్ళు గుచ్చుకుంటే నొప్పి ఎలా తగ్గుతుందన్నది చాలామందికి వింతగా ఉంటుంది. మోచెయ్యి ఎక్కడైనా కొట్టుకుంటే ఎవరూ చెప్పకుండానే గబగబా రుద్దుకుంటాం కదా, సూత్రం అదే. స్పర్శనీ ఒత్తిడినీ మోసుకెళ్ళే నరాలు లావుగా ఉంటాయి, కబురు వేగంగా చేరవేస్తాయి. నొప్పిని మోసేవి సన్నవి. లావు నరాల కబురు ఎక్కువైనప్పుడు వెన్నుపాములో సన్న నరాల దారి కొంత మూసుకుంటుంది. రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు 1965లో ఈ గేట్ సిద్ధాంతం చెప్పారు, తర్వాత దానికి ఎన్నో మార్పులు జరిగాయి గానీ మూలమైన ఆలోచన నిలబడింది. ముఖం విషయంలో ఈ పని వెన్నుపాములో కాకుండా మెదడు కాండంలో, ట్రైజెమినల్ అనే నరం వచ్చి చేరే చోట జరుగుతుంది. దీనితోపాటు, మీ అదుపులో ఉన్న ఒత్తిడిని నిదానంగా ఊపిరి వదులుతూ ఓ నిమిషం భరిస్తే బిగుసుకున్న కండరం కూడా కాస్త వదులవుతుంది. అంటే రోలర్ చేసేది ఉపశమనం. గంటో, రెండు గంటలో, ఒక్కోసారి ఒక పూటో. బిగుసుకోవడానికి కారణం అలాగే ఉంటే నొప్పి మళ్ళీ వస్తుంది. మీకు జరుగుతున్నదీ అదే.

ఆక్యుప్రెషర్ నేర్చుకున్నవాళ్ళు ఇదే విషయాన్ని బిందువుల లెక్కన చెబుతారు. వాళ్ళు చూపించే బిందువులు, కనుబొమల మధ్య, దవడ మూల దగ్గర, పుర్రె వెనక అంచు కింద, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో, వీటిలో చాలావరకు నేను కండరం బిగుసుకున్న చోట్లుగా రోజూ చూసేవే. ఏ పేరుతో పిలిచినా వేలు పెట్టాల్సిన చోటు దాదాపు ఒకటే కాబట్టి ఆ వాదన జోలికి నేను పోను.

ఈ మంట గురించి. మొనలు ఒత్తుకున్నప్పుడు చర్మంలోని నరాల కొసల నుంచి, కొన్ని కణాల నుంచి హిస్టమిన్ లాంటి పదార్థాలు విడుదలై చిన్న రక్తనాళాలు వెడల్పవుతాయి. ఆ ఎరుపే మీకు మెరుపులా కనిపిస్తోంది. నేను పెట్టుకున్న కొలత ఏమిటంటే, ఎరుపు అరగంటలో పోవాలి, పోకపోతే ఒత్తిడో సమయమో ఎక్కువైనట్టు. రోజూ అదే చోట మంట రేపుతుంటే ముఖ్యంగా చామనఛాయ, నలుపు చర్మాల మీద ఆ చోటే నల్లమచ్చగా మిగిలిపోవచ్చు, అది పోవడానికి నెలలు పడుతుంది. మెరుపు కోసం మొదలుపెట్టి మచ్చలు తెచ్చుకున్నవాళ్ళని చూశాను కాబట్టి చెబుతున్నాను.

ముడతల సంగతి కూడా ఇక్కడే తేల్చేస్తాను. ముడతలు చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ అనే ప్రొటీన్ తగ్గడం వల్ల, ఎండ వల్ల, ఏళ్ళ తరబడి ఒకే చోట మడత పడటం వల్ల వస్తాయి. పైపైన ముళ్ళు దొర్లిస్తే పోవు. పొద్దున్నే ముఖం ఉబ్బరంగా ఉంటే మెత్తటి మసాజ్‌తో ఆ ఉబ్బు కాస్త దిగుతుంది, దానికి ముళ్ళు అక్కర్లేదు, అరచేయి చాలు. గడ్డం కింది కొవ్వు కూడా రోలర్‌తో కరగదు. ఈ గందరగోళమంతా డెర్మా రోలర్ వల్ల వచ్చింది. అది వేరే వస్తువు, దాని సూదులు నిజంగానే చర్మంలోకి దిగుతాయి, ఆ చిన్న చిన్న గాయాలు మానేటప్పుడు కొత్త కొల్లాజెన్ పుడుతుంది, అందుకే చర్మ డాక్టర్లు స్టెరైల్ సూదులతో శుభ్రంగా చేస్తారు. మీ చేతిలో ఉన్న ఆక్యుప్రెషర్ రోలర్ చర్మాన్ని చీల్చకూడదు, చీలిస్తే అది పాడైపోయిన పరికరం. దాన్ని గట్టిగా నొక్కి డెర్మా రోలర్ పని చేయించాలని చూస్తే మిగిలేది గీతలూ ఇన్ఫెక్షనూ.

ఇప్పుడు ఎలా వాడాలో చెబుతాను, దవడతో మొదలుపెడదాం. చెవి తమ్మెకి కాస్త ముందు, దవడ ఎముక మూలకి కొంచెం పైన రెండు వేళ్ళు పెట్టి పళ్ళు గట్టిగా బిగించండి. వేళ్ళ కింద ఒక గట్టి ముద్ద ఉబుకుతుంది, వదిలితే దిగిపోతుంది. నమిలే కండరం అదే, మాసెటర్ అంటారు. మీకు కావలసిన చోటు ఆ ముద్ద, దాని చుట్టుపక్కల చెంప కాదు. ఇప్పుడు పళ్ళు విడదీసి, పెదాలు మాత్రం కలిపి, నాలుక కొస పై పళ్ళ వెనక ఆనించి ఉంచండి. ముళ్ళ పరికరాన్ని ఆ ముద్ద మీద నిలువుగా పెట్టి లోపలికి ఒత్తండి. చర్మాన్ని లాగకూడదు, అటూ ఇటూ జరపకూడదు. మొదట మొనలు చురుక్కుమంటాయి, కొద్ది క్షణాల్లో ఆ చురుకు తగ్గి లోపల ఎక్కడో మొద్దునొప్పి తెలుస్తుంది, అప్పుడు కండరం అందినట్టు. అక్కడే ఆగి నిదానంగా ఊపిరి వదులుతూ అర నిమిషం ఉంచండి. తర్వాత ఒత్తిడి అలాగే ఉంచి నోరు మెల్లగా సగం తెరిచి మూయండి, మూడు నాలుగు సార్లు. పక్కకి మొత్తం ఒకటి, ఒకటిన్నర నిమిషం దాటొద్దు.

ఎంత గట్టిగా అంటే, పది మార్కుల నొప్పిలో నాలుగు దాటకూడదు. మార్కులు వేసుకోవడం కష్టమనిపిస్తే మీ ఒంటినే గమనించండి. కళ్ళు చిట్లిస్తున్నా, ఊపిరి బిగబడుతున్నా, ఖాళీగా ఉన్న చెయ్యి పిడికిలి పడుతున్నా ఎక్కువైందన్నమాట. ఒళ్ళు బిగుసుకుంటే దవడ కూడా బిగుసుకుంటుంది, మనం వదిలించాలనుకున్నదాన్నే మళ్ళీ బిగిస్తున్నట్టు. తీశాక అద్దంలో చూడండి, మొనల అచ్చు చుక్కలు చుక్కలుగా కనిపించి కొద్దిసేపట్లో సర్దుకోవాలి. నీలంగానో ఊదాగానో చుక్క మిగిలితే చర్మం కమిలింది, వారం ఆపండి.

కణతకి మాత్రం ముళ్ళు వద్దు, మీకైనా సరే. అక్కడ ఎముక పలచన, నాళం పైనే ఉంటుంది, జుట్టు కూడా చిక్కుకుంటుంది. చెవికి పైన, జుట్టులోకి వేళ్ళు పెట్టి పళ్ళు బిగిస్తే అక్కడా కండరం కదలడం తెలుస్తుంది, దాన్ని వేళ్ళ మెత్తలతో గుండ్రంగా తిప్పండి చాలు. నుదుటి మీద కనుబొమలకి పైన మెత్తటి రబ్బరు మొనలున్నదైతే తేలిగ్గా ఆనించొచ్చు, ప్లాస్టిక్ మొనలైతే వద్దు.

అసలు విషయం ఇక్కడుంది. కణత నొప్పికి మూలం చాలాసార్లు కణతలో ఉండదు, మెడలోనూ భుజం మీదా ఉంటుంది. మెడకీ భుజానికీ మధ్య ఉండే కండరం బిగుసుకుంటే నొప్పి మెడ పక్కగా ఎక్కి కణత దగ్గర తేలుతుంది. పుర్రె వెనక అంచు కింద ఉండే చిన్న కండరాలు బిగుసుకుంటే తల వెనక నుంచి కంటిదాకా పట్టేసినట్టు ఉంటుంది. మాసెటర్ నొప్పి పంటి నొప్పిలా అనిపిస్తుంది, బాగున్న పన్ను తీయించుకోబోయి ఆగినవాళ్ళూ ఉన్నారు. రోజంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చునే ఒకావిడ మీలాగే రోజూ కణతలు రుద్దుకుని రుద్దుకుని చర్మం గరుకెక్కిపోయాక వచ్చింది. నేను కణత ముట్టుకోకుండా ఆవిడ కుడి భుజం పైకండని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని నొక్కాను. "అదే, అదే నొప్పి, ఇక్కడ వస్తోంది" అని కణత చూపించింది. ఆ తర్వాత పరికరం ముఖం మీంచి పూర్తిగా దిగిపోయింది, భుజానికీ మెడకీ వాడుకుంది, స్క్రీన్ కంటి ఎత్తుకి పెట్టుకుంది, తలనొప్పి రోజులు బాగా తగ్గాయి.

మీరు కూడా ఒకసారి పరీక్షించుకోండి. భుజం పైకండని పట్టుకుని నొక్కి అలాగే కొద్దిసేపు ఉంచితే కణత దగ్గర మీకు తెలిసిన నొప్పే మెల్లగా మేల్కొంటే, రోలర్ పెట్టాల్సిన చోటు దొరికినట్టే. ముళ్ళ బంతిని భుజం వెనకా గోడకీ మధ్య పెట్టి ఒంటి బరువు కాస్త ఆనించండి, బట్ట మీంచే. మెడకైతే వెల్లకిలా పడుకుని, చిన్న తువ్వాలు చుట్టి దాని మీద బంతి పెట్టి, పుర్రె అంచు కింద వెన్నుపూసకి ఒక పక్కగా ఆనించండి, సరిగ్గా వెన్నుపూస మీద కాదు. తల బరువే చాలు, నొక్కొద్దు. గడ్డం ఒక అంగుళం కిందికి, మళ్ళీ పైకి, అవునన్నట్టు మెల్లగా ఊపుతూ రెండు నిమిషాలు. తల తిరిగినా వికారంగా ఉన్నా వెంటనే తీసేయండి. ముళ్ళ పరికరాలు నిజంగా బాగా పనికొచ్చేది ఇలా మందమైన కండరాల మీదే. సోవియట్ కాలం నుంచి వాడుకలో ఉన్న కుజ్నెత్సోవ్ ముళ్ళ చాపలు కూడా వీపు కింద పరుచుకోవడానికి చేసినవి, ముఖానికి కాదు.

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండని నొక్కడం తలనొప్పికీ పంటి నొప్పికీ అందరూ చెప్పేదే, కొందరికి హాయిగా ఉంటుంది, చేసుకోండి. గర్భిణులకి మాత్రం ఆ బిందువు వద్దని సంప్రదాయంగా చెబుతారు, నేనూ వాళ్ళని చేసుకోమని చెప్పను.

ఎక్కడ వాడకూడదో కూడా తెలియాలి. కనురెప్పలూ కంటి చుట్టూ అసలు వద్దు, అక్కడి చర్మం మందం అర మిల్లీమీటరు అటూ ఇటుగా ఉంటుంది. మెడ ముందు భాగం, పక్కలు అసలు వద్దు, దవడ మూల కింద నాడి కొట్టుకునే చోట నొక్కితే గుండె వేగం, బీపీ పడిపోయి కళ్ళు తిరగొచ్చు, పెద్దవాళ్ళలో నాళంలో పేరుకున్న కొవ్వు కదిలే ప్రమాదమూ ఉంది. చీము పట్టిన మొటిమలు, పెదవి మీద నీటిపొక్కులు, అక్కి, ఎండకి కందిన చర్మం, వీటి మీద దొర్లించొద్దు, ఇన్ఫెక్షన్ ఉంటే అది ముఖమంతా పరుచుకోవచ్చు. మొటిమలకి ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నా, ఈమధ్య బొటాక్స్, ఫిల్లర్ లాంటివి చేయించుకున్నా, ఆ డాక్టరుని అడగకుండా ముఖానికి ఏ పరికరమూ పెట్టొద్దు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకి చిన్న ఒత్తిడికే కమిలిపోతుంది. షుగర్ వల్లో నరం దెబ్బతిన్నందువల్లో స్పర్శ తగ్గిన చోట కూడా వద్దు, ఎక్కువైందని చెప్పాల్సిన నొప్పి తెలియదు కాబట్టి.

ఒక నొప్పి గురించి విడిగా చెప్పాలి. ముఖం కడుక్కుంటుంటేనో, గాలి తగిలితేనో, పళ్ళు తోముకుంటుంటేనో ఒక పక్కన కరెంటు షాక్ కొట్టినట్టు క్షణాలపాటు మెరిసి పోయే నొప్పి. అది కండరానిది కాదు, ట్రైజెమినల్ న్యూరాల్జియా కావచ్చు. తేలికపాటి స్పర్శే దాన్ని రేపుతుంది, ఇక ముళ్ళు పెడితే చెప్పేదేముంది. కార్బమజెపిన్ లాంటి మందులు దానికి బాగా పనిచేస్తాయి, నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. అలాగే ఒక్కసారిగా పిడుగు పడ్డట్టు వచ్చిన తలనొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, మూతి వంకర పోవడం, మాట తడబడటం, కన్ను ఎర్రబడి దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తూ వాంతి రావడం, వీటికి ఇంటి వైద్యం లేదు, ఆసుపత్రికే.

పరికరం విషయానికొస్తే, ముంజేయి లోపలి వైపు ఒకసారి నొక్కి చూసుకోండి. అక్కడే గీత పడితే ముఖానికి పనికిరాదు. ఒక్క మొన విరిగినా పారేయండి, విరిగిన అంచు బ్లేడులా కోస్తుంది. వాడిన ప్రతిసారీ సబ్బునీళ్ళతో, పాత టూత్‌బ్రష్‌తో మొనల మధ్య తోమి, 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. ముఖం కూడా కడుక్కుని, మేకప్ లేకుండా వాడాలి. ఒకరిది ఒకరు వాడొద్దు, తల్లీకూతుళ్ళైనా సరే. కంటికి కనిపించనంత రక్తం అంటినా హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు.

ఎన్నిసార్లు అంటే, చర్మం కుదుటపడ్డాక దవడకి రోజు మార్చి రోజు, మెడకీ భుజానికీ రోజుకొకసారి చాలు. ఈలోగా తలనొప్పి మాత్రలు నెలలో ఎన్ని రోజులు వేసుకుంటున్నారో క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి. మామూలు నొప్పి మాత్రలు నెలకి 15 రోజులు, అంతకు మించి, మూడు నెలలకి పైగా వాడుతుంటే ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెట్టొచ్చు, అప్పుడు ఏ రోలరూ పనిచేయదు.

పొద్దున లేవగానే దవడ అలసిపోయినట్టు ఉందా, చెంప లోపల పళ్ళ గీత కనిపిస్తోందా, పక్కన పడుకున్నవాళ్ళకి పళ్ళు నూరే చప్పుడు వినిపిస్తోందా చూసుకోండి. ఉంటే రాత్రంతా ఆ కండరం పనిచేస్తూనే ఉందన్నమాట, పగలు ఒకటిన్నర నిమిషం నొక్కి దాన్ని గెలవలేం. దంత వైద్యులు మీ పళ్ళ అచ్చు తీసి రాత్రి పెట్టుకునే పళ్ళ తొడుగు, స్ప్లింట్ అంటారు, చేసిస్తారు, అది పళ్ళు అరగకుండా కాపాడుతుంది. పగటిపూట పళ్ళు కలిసి ఉంటున్నాయేమో మాత్రం మీరే పట్టుకోవాలి: ఫోన్ తీసినప్పుడల్లా ఒకసారి చూసుకోండి, పళ్ళు ఆని ఉంటే విడదీయండి. రెండు మూడు వారాలు ఇలా చేశాక కూడా నోరు తెరిస్తే మూడు వేళ్ళు పట్టకపోయినా, కీలు పట్టేసి మూసుకోకపోయినా, దవడ కీళ్ళు చూసే దంత వైద్యులకో ఫిజియోకో నేరుగా చూపించుకోండి.